ఏకాగ్రత పరీక్ష

"వీడికి ఏకాగ్రత సున్నా మేడమ్!" తొమ్మిదేళ్ల కొడుకుని కుర్చీలో కూలేస్తూనే మొదలెట్టాడు తండ్రి. "ఏడాదికి లక్షన్నర పోస్తున్నా. సెంట్రల్ ఏసీ క్యాంపస్. బయటి చప్పుడు చెవిన పడదు. అయినా పాఠం తలకెక్కదు. ఏడీహెచ్‌డీయో ఏదో తేల్చేయండి."

కూకట్‌పల్లిలో పిల్లల సైకాలజిస్టు ఆవిడ. మారుమాట్లాడకుండా పిల్లాడి తలకి వీఆర్ హెడ్‌సెట్ తొడిగింది. వాడి కళ్లముందు ఓ తరగతి గది లేచింది. టీచరు, బల్లలు, తోటి పిల్లలు. బోర్డు మీద ఒక్కో అక్షరం మెరిసి మాయమవుతోంది. 'ఏ' తర్వాత 'ఎక్స్' వస్తేనే బటన్ నొక్కాలి. నొక్కాల్సినచోట వదిలేస్తే పరధ్యానం, అక్కర్లేనిచోట నొక్కేస్తే తొందరపాటు. మధ్యలో కాగితం రాకెట్ ఎగురుతుంది, పక్కవాడు గుసగుసలాడతాడు, ఎవరో తలుపు తోసుకొస్తారు. తల ఎటు తిరిగిందో యంత్రం లెక్క రాసుకుంటూనే ఉంటుంది.

"ఇది అమెరికాదా మేడమ్?"

"మొదలు అక్కడేనండీ. 2000 ప్రాంతంలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఆల్బర్ట్ రిజ్జో బృందం ఇలాంటి తరగతి గదిని తయారుచేసింది. నిశ్శబ్దంగా ఉండే గదిలో పరీక్ష పెడితే, గోల మధ్య పిల్లలు ఎలా నెట్టుకొస్తారో తెలియదు కదా!"

"పాస్ మార్కు ఎంత?"

"పాసూ ఫెయిలూ ఉండవండీ. దీని ఒక్కదాంతో జబ్బుందనీ చెప్పం. ఇంట్లో ఎలా ఉంటాడు, బళ్లో ఎలా ఉంటాడు, అన్నీ కనుక్కోవాలి."

పరీక్ష అయింది. ఆవిడ తెర మీది గీతల్ని రెండుసార్లు చూసింది.

"చిత్రంగా ఉందే! రాకెట్టుకి తల తిప్పలేదు. గుసగుసలకి తిప్పలేదు. తలుపు చప్పుడుకీ కదల్లేదు. అనవసరంగా ఒక్కసారీ నొక్కలేదు. కానీ వదిలేసినవి బోలెడు. అన్నీ ఎడమవైపు చూస్తున్నప్పుడే." పిల్లాడి వైపు వంగింది. "అక్కడేముంది కన్నా?"

"కిటికీ."

"కిటికీలోంచి ఏం కనబడింది?"

"ప్లేగ్రౌండ్. రోడ్డు మీద కార్లు కూడా వెళ్తున్నాయి ఆంటీ!" వాడి మొహం వెలిగిపోయింది.

"మీ బళ్లో కిటికీలు లేవూ?"

"ఉన్నాయి. బయట ర్యాంకర్ల ఫ్లెక్సీ కట్టేశారు. ఏం కనబడదు."

ఆవిడ తలెత్తి తండ్రి వంక చూసింది. ఆయన కాసేపు ఆలోచనలో పడ్డాడు. తర్వాత ఏదో దారి దొరికినట్టు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అయితే ఒక పని చేయండి మేడమ్. మీ కిటికీకి కూడా ఓ ఫ్లెక్సీ కట్టేసి ఇంకోసారి పెట్టండి. మావాడికి నూటికి నూరూ రాకపోతే నన్నడగండి!"