అక్షరం పొల్లు పోకుండా

31 ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషికి రెండే దారులు. గుడి కమిటీలో చేరాలి, లేదా ఏదో ఒక పిచ్చి పట్టాలి. నాకు రెండోది పట్టింది. పాత జపాన్ దుర్భిణులు పోగేస్తాను. ఇంట్లో పంతొమ్మిది ఉన్నాయి. మా ఆవిడ లెక్కలో మాత్రం పాత సామాను ఇరవై, నన్ను కలుపుకుని.

ఆర్మూరులో జపాన్ దుర్భిణులెక్కడివి అని నవ్వేవాళ్లకు మా ప్రాంతం సంగతి తెలియదన్నమాట. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మాకు మూడే తొవ్వలని ఊరికే అనలేదు. గల్ఫుకు పోయిన మొదటి తరం వాళ్లు తిరిగొచ్చేటప్పుడు పూల దుప్పటి, సీకో గడియారం, రెండు క్యాసెట్లు పట్టే టేప్‌రికార్డరు తెచ్చేవాళ్లు. కొందరు పిల్లల కోసం తోలు సంచిలో ఒక దుర్భిణి కూడా. పిల్లలు రెండు రోజులు ఆడుకునేవాళ్లు, మూడో రోజు అది అటకెక్కేది. ఇప్పుడా పిల్లలే గల్ఫులో ఉన్నారు. వాళ్లు పంపే డబ్బుతో పాత పెంకుటిళ్లు కూల్చి స్లాబులు వేస్తున్నారు. అటకలు దిగుతున్నాయి. దిగినవన్నీ పాత ఇనుప సామాను దుకాణానికి చేరుతున్నాయి. నేనూ అక్కడికే చేరుతున్నాను.

దుర్భిణి కొనడంలో ఏముంది, డబ్బులుంటే ఎవరైనా కొంటారు. దాన్ని చేసిందెవరో కనిపెట్టడంలో ఉంది మజా. పైన టాస్కో అనో, స్విఫ్ట్ అనో, బుష్‌నెల్ అనో పెద్దక్షరాలుంటాయి. వాళ్లంతా అమెరికాలో అమ్ముకున్నవాళ్లు. చేసినవాళ్లు వేరే. 1950లు, 60లలో టోక్యోలో, ముఖ్యంగా ఇటబాషి అనే పేటలో, చిన్న చిన్న కార్ఖానాలు ఉండేవి. ఒకడు పట్టకం కోస్తే ఇంకొకడు కటకం సానబట్టేవాడు, మరొకడు డొల్ల పోతపోసేవాడు, చివరికి ఎవడో కూర్చి పెట్టెలో పెట్టేవాడు. ఆ చివరివాడి పేరు ఎక్కడా ఉండదు. రెండు గొట్టాలను కలిపే ఇరుసు దగ్గర చీమ తలకాయంత అక్షరాల్లో 'జెబి' అని, పక్కన ఒక అంకె ఉంటుంది. అదే వాడి ఇంటిపేరు. భూతద్దం పెట్టి ఆ అంకె చదివినప్పుడు కలిగే ఆనందం నాకు ఏ పరీక్ష పేపరు దిద్దినా కలగలేదు. కోడిగుడ్డు ఆకారంలో బంగారు రంగు కాగితం అంటించి ఉంటే అది పరీక్షలో పాసైన సరుకని గుర్తు. నిజంగానే దాని మీద 'పాస్‌డ్' అని ఉంటుంది. మా బడిలో అంత ముచ్చటగా ఎవరికీ అంటించలేదు.

నాకు దొరకనిది ఒక్కటే. యుద్ధంలో ఓడిపోయాక జపాను 1952 ఏప్రిల్ 28 దాకా పరాయి సేనల చేతి కింద ఉంది. ఆ రోజుల్లో, 1947 నుంచి, బయటికి పంపే వస్తువుల మీద 'మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్' అని రాయించారు. ఆక్రమిత జపానులో తయారైనది అని. ఓడిన దేశం తన ఓటమిని తన చేత్తోనే చెక్కి ఊరూరా పంపడమన్నమాట. ఆ నాలుగు మాటలున్న దుర్భిణి కోసం నేను ఆరేళ్లు తిరిగాను. పట్టు పడితే వదిలే ఊరు కాదు మాది. పసుపు బోర్డు కావాలని 2019 పార్లమెంటు ఎన్నికల్లో రైతులే 178 మంది నామినేషన్లు వేసి, మొత్తం 185 మంది అభ్యర్థులతో ఎన్నికల సంఘానికి చెమటలు పట్టించిన నేల. బోర్డు 2025లో వచ్చింది. నా దుర్భిణి అంతకంటే లేటు.

పెర్కిట్ వైపు ఒక పాత సామాను దుకాణం ఉంది. నడిపేవాడు నా శిష్యుడే. పదో తరగతి ఇంగ్లీషులో తప్పాడు. ఒక స్పెల్లింగ్ తప్పుకు ఒక గోడకుర్చీ అనేది నా క్లాసులో చట్టం. గోడ మీద వాడి వీపు ముద్ర ఇప్పటికీ ఉండి ఉంటుంది. అయినా నన్ను చూస్తే లేచి నిలబడతాడు, స్టూలు తుడిచి వేస్తాడు, చాయ్ తెప్పిస్తాడు.

ఒకరోజు వాడికి నా విద్యంతా చెప్పాను. వాడు రెండు చేతులూ కట్టుకుని విన్నాడు.

"క్లాసుల చెప్తుంటె సమజ్ కాకపోయేది సార్. ఇప్పుడు మంచిగ సమజైతుంది."

ఏ మాస్టరైనా కరిగిపోయే మాట. నేను ఇంకాస్త చెప్పాను. జెబి అంకె ఉంటే తీసుకోకురా, అది తర్వాతి కాలానిది అన్నాను. బంగారు కాగితం ఉన్నా వద్దన్నాను. చెక్కిన అక్షరాల్లో తెల్లరంగు నింపి ఉంటుంది, ఇన్నేళ్లకు అది పసుపు తిరిగి ఉండాలి అని కూడా చెప్పాను. గుర్తుండదేమోనని జేబులోంచి ఒక తక్‌పట్టీ తీశాను. నాకున్న ఎకరం పసుపు నిజామాబాద్ గంజులో అమ్మినప్పుడు ఇచ్చిన చీటీ. దాని వెనక, నిలబడే, అరచేతిలో పెట్టుకుని, మాట్లాడుతూనే, ఆ నాలుగు మాటలూ పెద్దక్షరాల్లో రాసిచ్చాను.

"ఇట్ల రాసి ఉన్నది దొరికితే పదివేలైనా పెడతాను."

ఈ చివరి మాట అనకుండా ఉండాల్సింది. బేరానికి పోయినవాడు ధర ముందు చెప్పకూడదని మా గంజులో హమాలీకి కూడా తెలుసు.

మూడు వారాలకు ఫోన్ వచ్చింది. "సార్, మీరు రాసిచ్చిన మాటలున్నది దొరికింది."

ఆటో మాట్లాడుకుని పోయాను. మోర్తాడ్ దిక్కు ఒక ముసలమ్మ అటక మీద ఉండెనట. ఆమె పెనిమిటి బహ్రెయిన్‌లో ఒక తెల్లదొర దగ్గర పనిచేసి, దొర పోయేటప్పుడు ఇచ్చి పోతే తెచ్చుకున్నాడట. కథ అతికినట్టు సరిపోయింది. అతికినట్టు సరిపోయే కథల్ని అనుమానించాలని నాకప్పుడు తోచలేదు.

7×50 సైజుది. అంటే ఏడింతలు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు. పడవల వాళ్లు రాత్రిపూట వాడే రకం. నల్లరంగు అక్కడక్కడ లేచి లోపలి లోహం మెరుస్తోంది. అద్దాన్ని వెలుగుకు పట్టి చూస్తే లేత ఊదా రంగు మెరుపు. ఇరుసు పక్కన ఒకచోట ఆకురాయి పెట్టినట్టు నున్నగా ఉంది. ఏళ్ల తరబడి బొటనవేలు ఆనీ ఆనీ అరిగిందని తేల్చాను. డొల్ల మీద కోడిగుడ్డు ఆకారంలో ఏదో జిగురు మరక. తేమ అన్నాను. అక్షరాలున్నాయి. తెల్లరంగు పసుపు తిరిగి, పాత ఏనుగు దంతంలా ఉంది.

భూతద్దం పెట్టి చదివాను. గుండె ఒక్క క్షణం ఆగింది. 'ఆక్యుపైడ్' అన్న మాటలో రెండు 'సి'లు ఉండాలి. ఇక్కడ ఒకటే ఉంది.

"ఏమాయె సార్? తప్పున్నదా?" వాడి మొఖం పాలిపోయింది.

తప్పా! నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. వాడికి మళ్లీ క్లాసు తీసుకున్నాను. ఊళ్లకు ఊళ్లు కాలి బూడిదైన దేశం, ఆకలితో ఉన్న కార్మికుడు, ఇంగ్లీషు ముక్క రాదు, ఎవడో రాసిచ్చిన అక్షరాలు బొమ్మ గీసినట్టు చెక్కుతున్నాడు, ఒక 'సి' జారిపోయింది. దొంగ సరుకు చేసేవాడు నిఘంటువు చూసి మరీ సరిగ్గా చెక్కుతాడు. తప్పు చెక్కినవాడే అసలువాడు.

"అయితే రేటు తగ్గదా సార్?"

"పిచ్చోడా, ఆ తప్పే దీని విలువ."

వాడు కాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "మేం తప్పు రాస్తె గోడకుర్చీ, జపానోడు తప్పు రాస్తె పదివేలా సార్?" అని నవ్వి, "ఇగ రూపాయి తగ్గియ్య" అన్నాడు.

పదివేలు లెక్కపెట్టి ఇచ్చాను.

ఆ సాయంత్రం డాబా మీద సభ. మా పక్కింటాయన పసుపు కొనే సేటు. కొమ్ము విరిచి, టక్కుమన్న చప్పుడు విని, లోపలి రంగు చూసి రేటు కట్టే మనిషి. పాలిష్ పట్టిన పైతోలును నమ్మడు. దుర్భిణిలోంచి సిద్ధులగుట్ట చూపించాను. నల్లరాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా దగ్గరికొచ్చాయి, గుడి మెట్ల మీద కోతి తల గోక్కోవడం కూడా కనపడింది. అక్షరాల కథ, జారిపోయిన 'సి' కథ చెప్పాను. ఆయన గోటితో ఒక అక్షరం గీకి వాసన చూశాడు.

"మన సరుకు వాసనొస్తుంది సార్."

"మార్చి నెలల ఆర్మూర్‌ల ఏది పసుపు వాసన రాదు సేటూ?"

"గదీ నిజమే. కని విరిచి చూడంది నేనేం చెప్పలేను."

పదివేల దుర్భిణిని విరుస్తాడట. మనుషుల అజ్ఞానానికి జాలిపడ్డాను.

వారం తర్వాత పొద్దున మా ఆవిడ పెరట్లోంచి కేకేసింది. "ఇగో, జర ఇటు రాండ్రి." దుమ్ము పట్టిందని తడిగుడ్డకు బట్టల సబ్బు రాసి తుడిచిందట. అక్షరాలన్నీ ఎర్రబడ్డాయి. పసుపు మరక మీద సబ్బు పడితే ఏమవుతుందో ఈ ఊళ్లో బట్టలుతికే ప్రతి ఆడమనిషికీ తెలుసు.

"మీ జపానుకు పారాణి పెట్టినట్టయింది" అని తను లోపలికి పోయింది.

చాలాసేపు అక్కడే కూర్చున్నాను. తర్వాత మెల్లగా సర్దుకున్నాను. దుకాణంలో ఎన్ని చేతులు ముట్టుకున్నాయో. ముసలమ్మ అటక మీద పసుపు సంచి పక్కనే ఉండిందేమో. పైన రంగు సంగతి ఎట్లా ఉన్నా లోపల అక్షరం ఉంది కదా. జారిపోయిన ఆ ఒక్క 'సి' ఉంది, అంటే లేదు కదా. అలాంటి తప్పు ఊహించి చెక్కేంత తెలివి ఆర్మూరులో ఎవడికుంది? సేటుకు మాత్రం ఈ ఎరుపు సంగతి చెప్పలేదు.

ఇంకో పది రోజులకు మేనకోడలి గృహప్రవేశం పడింది. ఇత్తడి బిందె పెడదామని మా ఆవిడ నన్ను గిన్నెల దుకాణానికి తీసుకుపోయింది. దుకాణం అరుగు మీద పేర్లు కొట్టే ముసలాయన. ముందు ఒక చిన్న దిమ్మ, చేతిలో ఉలి, సుత్తి. మిషను వచ్చినా ఆయన చుక్క చుక్కగా చేత్తోనే కొడతాడు. పక్కన చెక్కకు దిగ్గొట్టిన ఇనుప చువ్వ. జనం రాసిచ్చిన పేర్ల చీటీలన్నీ దానికి గుచ్చి ఉన్నాయి, పెళ్లిళ్లవీ, ఒడిబియ్యాలవీ.

"ఇన్ని చీటీలు దాస్తవెందుకు కాకా?" అన్నాను ఊరికే.

"తప్పు పడ్డదని రేపొచ్చి లొల్లి పెడ్తరు సారూ. కాగితం సూపిస్త. మీరు రాసిందే నేను కొట్టిన. అక్షరం పొల్లు పోనియ్య."

మా ఆవిడ బిందె తూకం వేయిస్తోంది. నా చూపు చువ్వ మీదే ఉంది. మధ్యలో ఒక పసుపు మరకల తక్‌పట్టీ వెనక్కి తిరిగి ఉంది. దాని మీద నాలుగు మాటలు, పెద్దక్షరాల్లో. ఆ 'జె' కింద కొక్కెంలా మెలితిప్పే అలవాటు ఈ జిల్లాలో ఒక్కరికే ఉంది. వంగి చదివాను. ఓ తర్వాత సి. సి తర్వాత వెంటనే యు.

"గది సూస్తున్నరా?" ముసలాయన నవ్వాడు. "గది గిన్నె మీద గాదు సారూ, దుర్బీన్ మీద కొట్టిన. ఇరుసు కాడ ఏదో నంబరుంటె ఆకురాయి పెట్టి తీసేపిచ్చిండు. మా మనుమరాలు కాగితం సూసి, తాతా, ఇండ్ల 'సి' రెండుండాలె, ఒకటే ఉన్నది అన్నది. గదే మాట గా పిలగానితోని అంటె ఏమన్నడో ఎర్కేనా? 'నీకెందుకే కాకా, మా ఇంగ్లీష్ సార్ సొంతంగ రాసిచ్చిండు, ఆయన రాతల తప్పుండది, ఉన్నదున్నట్టు కొట్టు' అన్నడు. ఇగ మీ బిందె మీద ఏం కొట్టాలె? రాసియ్యుండ్రి సారూ."