మొదటి వంద పేజీలు

మా ఊరి అద్దె పుస్తకాల షాపులో డిటెక్టివ్ నవల తీసుకుంటే ముందు చివరి పేజీలు ఉన్నాయో లేదో చూసుకోవాలి. చాలావాటికి ఉండేవి కావు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ని ఎన్నిసార్లు హంతకుడి గుమ్మం దాకా తీసుకెళ్లి అక్కడే వదిలేశానో! అలా వెనక నుంచి తెరవడం అలవాటైపోయింది. పేరు తెలిశాకే మొదటి పేజీకి వచ్చేవాణ్ణి.

ఉంబెర్టో ఎకో ‘ది నేమ్ ఆఫ్ ది రోజ్’నీ అలాగే తెరిచాను. 1327 నవంబరు, ఉత్తర ఇటలీ కొండల్లో ఒక క్రైస్తవ మఠం, ఏడు రోజులు, వరసగా చావులు. పేరు దొరికింది. మొదటి వంద పేజీలు వదిలేశాను. క్రీస్తుకు సొంత ఆస్తి ఉండేదా అని సన్యాసులు వాదించుకునే పేజీలు చకచకా తిప్పేశాను.

అంతటితో ఆగాల్సింది. మా మావయ్య అదే నవల నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు పది పేజీలు చదువుతున్నాడు. కథలో రెండో రోజు దగ్గర ఉండగా హంతకుడి పేరు చెప్పేశాను.

ఆయన కోప్పడలేదు. “ఎందుకు చంపాడ్రా?” అన్నాడు.

“ఏదో పుస్తకం కోసం.”

“పుస్తకం కోసం చంపుతారా?”

నా దగ్గర జవాబు లేదు.

ఏళ్ల తర్వాత మొదటి నుంచి చదివాను. జవాబంతా నేను తిప్పేసిన పేజీల్లోనే ఉంది. క్రీస్తుకూ శిష్యులకూ ఆస్తి లేదనడం మతద్రోహమని పోప్ 22వ జాన్ 1323లో నిజంగానే ప్రకటించాడు. నవలలోని విచారణాధికారి బెర్నార్డ్ గీ నిజంగా బతికిన మనిషి. ఒక్క మాటకు మనిషిని సజీవంగా కాల్చే కాలం అది. అక్కడ ఒక పుస్తకానికి భయపడటం వింతేమీ కాదు. అది ఏ పుస్తకమో మాత్రం ఇక్కడ రాయను, ఒకసారి చెప్పి చేసిన తప్పు చాలు.

వేలిముద్రల్లేని ఆ లోకంలో, చావుల గుట్టు విప్పే సన్యాసి విలియం మంచులో డెక్కల గుర్తులు చూసి, ఎప్పుడూ చూడని గుర్రం ఎటు పోయిందో చెబుతాడు. ఇది మొదట్లోనే ఉంది! తర్వాత ఆయన కళ్లజోడు మాయమవుతుంది. అప్పటికది కొత్త వస్తువు, ఇంకొకటి కొనుక్కునే దారి లేదు. చేతిలో ఆధారం ఉండి కూడా చదవలేని ఆ మనిషిని చూస్తే గుండె పట్టేసింది.

ఆ వంద పేజీలు తగ్గించమని ప్రచురణకు ముందు కొందరు ఎకోకి చెప్పారట. ఒప్పుకోలేదు. మఠంలోకి రావాలనుకునేవాళ్లు మఠం నడకకు అలవాటు పడాలన్నది ఆయన పట్టుదల.

మావయ్య ప్రతి ఇప్పుడు నా దగ్గరుంది. అంచుల్లో పెన్సిల్‌తో రాసుకున్న అర్థాలు ఏడో రోజు దాకా ఉన్నాయి.