శిరస్తాడనోదరమర్దనము: టీకా తాత్పర్య సహితము

ఆటవెలది
ఒక్క చేయి నెత్తి నొద్దికఁ దట్టంగ
నింక నొకటి పొట్ట నెలమి నిమురుఁ
గంటఁ జూచి నేర్చి కన్ను మూసినఁ జేయ
నేర్వఁ గలుగువాఁడె నేర్పుకాఁడు

ప్రతిపదార్థం: ఒక్క చేయి = ఒక హస్తము (కుడో ఎడమో కవి చెప్పలేదు; ఎవరి వాటం వారిది); నెత్తిన్ = తలను; ఒద్దికన్ = పొందికగా (డోలు మీద వేసినట్టు కాదని భావం); తట్టంగన్ = తట్టుచుండగా; ఇంకన్ ఒకటి = మిగిలిన చేయి (మూడోది లేదు గనుక సందేహం లేదు); పొట్టన్ = ఉదరమును; ఎలమిన్ = సంతోషముతో; నిమురున్ = గుండ్రంగా రాయును; కంటన్ = కంటితో (సంధి వల్ల 'గంట' అయింది, గుడిగంట కాదు); చూచి, నేర్చి; కన్ను మూసినన్ = రెప్ప వాల్చినను (పెద్దకర్మ అర్థం ఇక్కడ పొసగదు); చేయన్ నేర్వఁగలుగువాఁడె = చేయగలవాడే; నేర్పుకాఁడు = నేర్పరి.

తాత్పర్యం: రెండు చేతుల పనికి కన్ను గురువు. గురువు పక్కకు తప్పుకున్నా పని సాగితేనే విద్య వచ్చినట్టు.

వ్యాఖ్య: తట్టడం, నిమరడం విడివిడిగా పసివాడికీ చేతనవును. కలిపితే చూడాలి తమాషా. నాలుగు దెబ్బలు పడేసరికి నెత్తిమీది చేయి తట్టడం మాని తల నిమురుతుంది; లేదా పొట్టమీది చేయి దరువు అందుకుంటుంది. హేతువేమి?

పూర్వపక్షం: తప్పు కండరాలదే. రెండు వైపులా ఒకే జాతి కండరాలు ఒకేసారి బిగుసుకోవాలని చూస్తాయి. ఈ పక్షంవారు 1984లో కెల్సో అనే శాస్త్రవేత్త ప్రచురించిన ప్రయోగాన్ని ప్రమాణంగా చూపుతారు. రెండు చూపుడువేళ్ళను కారు వైపర్లలా ఒకే దిక్కుకు ఆడిస్తూ వేగం పెంచితే, ఒక దశలో అవి మనల్ని అడక్కుండానే అద్దంలో బింబంలా ఎదురెదురుగా ఆడతాయి. పాఠకులు బల్లమీద ఇప్పుడే పరీక్షించుకోవచ్చు.

సిద్ధాంతం: అది చాలదు. 2001లో 'నేచర్' పత్రికలో మెక్స్‌నర్ బృందం దీన్ని ఖండించింది. ఒక అరచేయి పైకి, ఇంకొకటి కిందికి పెట్టించారు. ఇప్పుడు అద్దపు పొందిక కుదరాలంటే రెండు వైపులా వేర్వేరు కండరాలు బిగియాలి. అయినా వేళ్ళు ఆ పొందికకే మొగ్గాయి. అంతటితో ఆగక, బల్లకింద కనపడని పిడులు, పైన కనపడే జెండాలు అమర్చి, మధ్యలో పళ్ళచక్రాలు పెట్టారు. జెండాలు రెండూ పొందికగా తిరగాలంటే ఒక చేయి నాలుగు చుట్లు తిరిగేలోపు రెండోది మూడే తిరగాలి. మామూలుగా ఎవరికీ పట్టుబడని ఈ లెక్కను జనం జెండాల్ని చూస్తూ సాధించారు. చేతుల సంగతి మరిచి, కంటికి కనపడే పొందికను పట్టుకున్నారు.

ఆక్షేపం: అయితే కన్నే చాలునా?

సమాధానం: చాలదు. రెండు చేతుల కదలికనూ తెరమీద ఒకే చుక్కగా కలిపి చూపితే కఠినమైన లయలూ త్వరగా వస్తాయి. తెర తీసేస్తే తడబడతాయి. కండరం ఎంత సాగిందో, కీలు ఎంత వంగిందో లోపలినుంచి మెదడుకు కబురు చేరుతూ ఉండాలి. ఆ కబురు తెగితే ఏమవుతుందో ఇంగ్లండుకు చెందిన ఇయాన్ వాటర్‌మన్ ఉదంతం చెబుతుంది. 1971లో, 19 ఏళ్ళ వయసులో, జబ్బు చేసి ఆయనకు మెడ కింద స్పర్శా, అవయవాల స్థితిజ్ఞానమూ పోయాయి. కండరాల బలం పోలేదు. ప్రతి కదలికనూ కళ్ళతో చూసుకుంటూ నడక మళ్ళీ నేర్చుకున్నారు. దీపం ఆరితే మాత్రం నిలబడలేకపోయేవారు.

ఫలశ్రుతి: కనుక అభ్యాసకులారా, అద్దం ముందు నిలబడండి. ముందు నెత్తిమీది దరువు కుదరనివ్వండి, తరవాత పొట్ట జోలికి వెళ్ళండి. రెండూ సాగుతుంటే కళ్ళు మూయండి, తప్పితే తెరిచి సరిచూసుకోండి. అద్దాన్నే నమ్ముకుని కూర్చున్నవాడికి ఈ విద్య అద్దం ఉన్న గదిలోనే వస్తుంది.