అచ్చు వేసినవారి పేరు దాకా

పత్రికాఫీసు మీద నవల చదివి, అందులో పత్రిక సంగతి తప్ప మిగతావన్నీ మాట్లాడుకునే రోజులొచ్చాయి. చీరాల దగ్గర మా వాడరేవు ఒడ్డున పిల్లలు పుస్తకాల క్లబ్బు పెట్టుకున్నారు, మంచిదే. మనవడు రమ్మంటే నేనూ వెళ్లి కూర్చున్నాను. టామ్ రాక్‌మన్ 2010లో రాసిన ‘ది ఇంపర్‌ఫెక్షనిస్ట్స్’, రోమ్ నగరంలో ఓ ఇంగ్లీషు దినపత్రికలో పనిచేసేవాళ్ల కథ. ఎవరి కాపురం ఎందుకు చెడింది, ఎవరు ఎవర్ని మోసం చేశారు, చర్చంతా ఇదే. ఆ పేపరు రోజూ ఎట్లా బయటికొస్తుందని ఒక్కరూ అడగలేదు.

అందులో హెర్మన్ కోహెన్ అని తప్పులు పట్టే పెద్దమనిషి ఉన్నాడు. పిల్లలకు ఆయన చాదస్తుడు. నాకు మాత్రం మా ప్రెస్సు ఫోర్‌మన్ కళ్లముందు నిలబడ్డాడు.

మా రోజుల్లో చీరాలలో కంపోజింగంటే సీసపు అక్షరాలు. అక్షరం తిరగేసి ఉంటుంది, స్టిక్కులో తలకిందులుగా చదువుకుంటూ పేర్చాలి. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు, అన్నిటికీ వేరే గళ్లు. ప్రూఫు తీశాక ఒకరు రాతప్రతి పైకి చదివితే ఇంకొకరు దిద్దేవారు. అచ్చయ్యాక కిరసనాయిలుతో కడిగి ఏ అక్షరాన్ని ఆ గడిలోనే వేయాలి. ఒక్క ఒత్తు పక్క గడిలో పడిందా, మర్నాడు ఇంకొకడి మాట చెడుతుంది. అందుకే ఫోర్‌మన్ మా వెనకే నిలబడేవాడు. ఇప్పుడు వార్త ఫోనులో పెట్టేస్తారు, తప్పని తేలితే తీసేస్తారు. తీసేశామని కూడా చెప్పరు. ఇదెక్కడి న్యాయం?

చదవడమూ అప్పట్లో ఒక్కడి పని కాదు. పేపరు కట్టలు చీరాల స్టేషన్లో దిగి, సైకిలు మీద వాడరేవు చేరేసరికి పొద్దెక్కేది. టీ కొట్టు దగ్గర చదువొచ్చినవాడు పైకి చదివేవాడు. వేట నుంచి వచ్చినవాళ్లు వలలు బాగుచేసుకుంటూ వినేవాళ్లు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వార్తలు చదువుతూ అతని గొంతు పూడుకుపోతే పక్కవాడు అందుకున్నాడు. “ఆ ఊరి పేరు మళ్లీ చదువు” అని అడిగారు, అటు ఆడపిల్లల్నిచ్చినవాళ్లు.

నవల్లో ఒర్నెల్లా అనే పెద్దావిడ పేపరును ముక్క వదలకుండా, తేదీల వరసలోనే చదువుతుంది. అట్లా చదివి చదివి పదేళ్లకు పైగా వెనకబడిపోతుంది. మా పిల్లలు పిచ్చిదన్నారు. బయటి లోకాన్ని వదిలేసుకోవడం తప్పే, కాదనను. కానీ అంతమంది చేసిన పనిని పూర్తిగా అందుకున్న మనిషి ఆ పుస్తకం మొత్తంలో ఆవిడే. ఆ మాట అంటే నా వంక జాలిగా చూశారు.

చీరాల పక్కనే వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో పెట్టారు, 1929లో గాంధీగారు భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికల సంపుటాల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఇంత దగ్గరున్న మా పిల్లల్లో ఎంతమంది ఆ గడప తొక్కారు? వచ్చే సమావేశం అక్కడ పెట్టండి నాయనా. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట చీరాల జనం ఊరొదిలి వెళ్లిన 1921 నాటి సంపుటం ఉందేమో అడగండి. ఒకే ఒక్క రోజు పేపరు తెరిచి, ప్రకటనలు, ధరవరలు, అడుగున అచ్చు వేసినవారి పేరు దాకా పైకి చదవండి. కళ్లు ఆనకపోయినా వినడానికి నేనొస్తాను.