తోపు ఇంజన్

రాకెట్ వెనక్కి ఏదో ఒకటి చిమ్మితే తప్ప ముందుకు కదలదు. ఇది న్యూటన్ 1687లో అచ్చువేయించిన షరతు. ఇప్పటిదాకా సవరణ లేదు, సడలింపు లేదు. మన దగ్గర ఏ జీవోకూ ఇంత ఆయుష్షు ఉండదు. అందుకే కాబోలు, దీనికి మినహాయింపు తెచ్చుకుందామని ఆశపడేవాళ్లు ప్రతి తరంలోనూ పుడుతుంటారు.

1959లో అమెరికాలో నార్మన్ డీన్ అనే ఆయన ఇలాంటి యంత్రానికే పేటెంటు పుచ్చుకున్నాడు. లోపల బరువులు గిర్రున తిరుగుతాయి, బయట దేన్నీ నెట్టకుండా బండి కదులుతుంది. 'అస్టౌండింగ్' పత్రిక సంపాదకుడు జాన్ కాంప్‌బెల్ దాన్ని భుజాన వేసుకున్నాడు. రుజువేదయ్యా అంటే, బాత్రూం కాటా మీద పెడితే ముల్లు తగ్గిందట! దడదడా అదిరే వస్తువును స్ప్రింగు కాటా ఎక్కిస్తే ముల్లు చెప్పేది నిజం కాదని తూకంలో మోసపోయిన వాళ్లెవరైనా చెబుతారు.

తర్వాత బ్రిటన్ ఇంజనీరు రోజర్ షాయర్ గారి 'ఎమ్‌డ్రైవ్' వచ్చింది. ఒక కొస వెడల్పు, ఒక కొస సన్నంగా ఉండే రాగి డబ్బా. అన్నివైపులా మూసి, లోపలికి మైక్రోవేవ్‌లు పంపితే చాలు, డబ్బా కదులుతుందన్నారు. ఆగిపోయిన బస్సులో కూర్చుని ముందు సీటును తోసి, బస్సును డిపో చేర్చడమన్నమాట. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం తెలిసిన ఇంటర్ కుర్రాడైనా నవ్వుతాడు. నాసా వాళ్లు మాత్రం నవ్వలేదు, కొలిచారు. హ్యూస్టన్‌లో హెరాల్డ్ వైట్ బృందం 2016లో ప్రకటించిన అంకె: కిలోవాట్‌కు 1.2 మిల్లీన్యూటన్లు. అయిదారు బియ్యపు గింజల బరువు. ఆ గింజల మీదే పత్రికలు కుజుడి దాకా వెళ్లొచ్చాయి.

చైనాలో షియాన్ నగరంలోని ఒక విశ్వవిద్యాలయం వాళ్లూ మొదట బాగానే వస్తోందన్నారు. బయటి కరెంటు తీగ తీసేసి బ్యాటరీ పెట్టారు. కొలవదగ్గ తోపు కనిపించలేదు. జర్మనీలో డ్రెస్డెన్‌కు చెందిన మార్టిన్ తాజ్‌మార్ ఇంకా గట్టివాడు. 2018లో ఆయన డబ్బాలోకి మైక్రోవేవ్‌లు దాదాపు పోకుండా అడ్డుకట్ట వేసి చూశాడు. అయినా తోపు అలాగే ఉంది! ఇంజన్‌తో పనిలేకుండా పనిచేసే ఇంజన్ అన్నమాట. అనుమానం తీగ మీదికి, భూమి అయస్కాంత క్షేత్రం మీదికి మళ్లింది. 2021 నాటికి మిగిలిన దొంగ కూడా దొరికాడు: వేడికి యంత్రం బిగింపులు కాస్త సాగుతున్నాయి. కాటా మెరుగుపడిన కొద్దీ తోపు చిక్కిపోవడం ఈ కుటుంబంలో వంశపారంపర్యం.

కాదంటే భక్తులు రాకెట్ శాస్త్రవేత్త గొడ్డార్డ్ పేరెత్తుతారు. శూన్యంలో రాకెట్ పనిచేయదంటూ 1920లో న్యూయార్క్ టైమ్స్ ఆయన్ను ఎగతాళి చేసింది, 1969లో చంద్రయాత్ర మొదలయ్యాక తప్పు దిద్దుకుంది. నిజమే. కానీ ఆ రోజు న్యూటన్ గొడ్డార్డ్ పక్షాన ఉన్నాడు, నియమం తెలియనిది పత్రికకి.

హ్యూస్టన్ అంకెనే నమ్మి ఒక భాగహారం చేస్తే ఇంకో సంగతి తేలుతుంది. సెకనుకు 833 కిలోమీటర్ల వేగం దాటాక, ఈ ఇంజన్ తీసుకునే కరెంటు కన్నా పోగుచేసుకునే చలనశక్తే ఎక్కువ. అంటే అంతరిక్షమే కాదు, శాశ్వత ఉచిత విద్యుత్ కూడా. కుజుడి గురించి అంత చెప్పినవాళ్లు దీన్ని ప్రచారం చేసుకోలేదెందుకో! మన మేనిఫెస్టోలు రాసేవాళ్లయితే మొదటి పేజీలోనే పెట్టేవారు.