బావగారి హేండీక్యాప్

కృష్ణా జిల్లావాడికి గోల్ఫ్ మీద మనసైతే ఒకప్పుడు రెండే దార్లు. విశాఖపట్నం పోవడం, లేదంటే హైదరాబాదులో గోల్కొండ కోటగోడల పక్కనున్న క్లబ్బులో మెంబరైన పెద్దమనిషినెవరినైనా పట్టుకోవడం. ఇప్పుడు మూడో దారి పడింది. గన్నవరంలో పురుగుమందుల కొట్టు పెట్టుకుని ఖరీఫ్ టార్గెట్ దాటిస్తే చాలు, కంపెనీవాళ్లే విమానం ఎక్కించి, థాయిలాండ్ తీసుకెళ్లి, చేతికి కర్ర ఇచ్చి మరీ ఆడిస్తున్నారు.

మా బావగారు అలాగే వెళ్లొచ్చారు.

డీలర్ల టూర్లు మనకు కొత్త కాదు. సిమెంటువాళ్లు వెళ్తారు, పెయింట్లవాళ్లు వెళ్తారు, టైల్సువాళ్లు వెళ్తారు. వెళ్లిన ప్రతివాడూ బ్యాంకాక్ గురించి ఇంట్లో చెప్పేది రెండు ముక్కలే: ఎండ ఎక్కువ, తిండి పడలేదు. మిగతా విశేషాలు వాట్సాప్ గ్రూపులో ఉంటాయి, ఆ గ్రూపులో ఆడవాళ్లుండరు. ఈ ఇబ్బంది కంపెనీవాళ్లు గ్రహించినట్టున్నారు, ఈసారి ప్యాకేజీలో గోల్ఫ్ కలిపారు. గోల్ఫ్ ఫొటోలైతే అక్కయ్యకు చూపించొచ్చు, పిల్ల సంబంధానికి వచ్చినవాళ్లకు చూపించొచ్చు, ఫ్రేము కట్టించి కొట్లో లక్ష్మీదేవి పటం పక్కన తగిలించొచ్చు. బావగారు మూడూ చేశారు.

ఫొటోలో ఆయన తెల్లటోపీ పెట్టుకుని, కర్ర భుజం మీదుగా వెనక్కి తిప్పి, దూరంగా చూస్తున్నారు. బంతి మాత్రం కాళ్ల దగ్గరే ఉంది. గోల్ఫులో తొడుగు ఒక్క చేతికే వేస్తారు. అందుకని అయిదు రోజుల ఎండకు కుడిచెయ్యి మాడిపోయి, ఎడమచెయ్యి తెల్లగా మిగిలింది. కొట్లో కుడిచేత్తో అరువు రాస్తూ ఎడమచేత్తో ఖాతా పుస్తకం పేజీ నొక్కి పట్టుకుంటే రైతులు అంకె చూడటం మానేసి ఆ చేతినే చూస్తున్నారు. "మందేమన్నా ఒలికిందా బాబూ చేతి మీద?" అని ఉంగుటూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన జాలిగా అడిగాడు.

ఆట సంగతి చెప్పమన్నాను. వంగి గోళీని గుంతలోకి కొట్టే ఆటనే నిలబడి, బ్యాగునిండా కర్రలు పెట్టుకుని ఆడితే గోల్ఫ్ అవుతుందని నాకర్థమైంది. బ్యాగులో పద్నాలుగు కర్రలకు మించకూడదట, గుంతలు పద్ధెనిమిదట, ఒక్కో గుంత వ్యాసం నాలుగుంపావు అంగుళాలట. బావగారికి వీటన్నిటికంటే నచ్చిన నియమం హేండీక్యాప్. సరిగా ఆడలేనివాడికి ముందుగానే కొన్ని దెబ్బలు లెక్కలోంచి తీసేస్తారు. ఎంత రాకపోతే అంత మినహాయింపు.

"చూశావటోయ్, చేతకానివాణ్ణి ఎంత మర్యాదగా చూసుకుంటారో!"

"గన్నవరంవాళ్లకు ఇది తెలియని సంగతా బావగారూ?" అన్నాను.

తెలియకేం! రెండో ప్రపంచ యుద్ధం నాటి మన విమానాశ్రయానికి 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. హోదా అయితే వచ్చింది గానీ విదేశీ విమానం రాలేదు. చివరికి 2018 డిసెంబరులో సింగపూర్ విమానం వచ్చింది, సీట్లు నిండకపోతే ఆ నష్టం ప్రభుత్వమే భరిస్తానంటే వచ్చింది. 2019లో ప్రభుత్వం మారింది, విమానం ఆగింది. సీటు ఖాళీగా పోయినా డబ్బు ముట్టడం హేండీక్యాప్ కాక మరేమిటి? ఎటొచ్చీ ఈ సదుపాయం విమానాల కంపెనీకి దొరికినంత సులువుగా వరి రైతుకు దొరకదు. ఎకరానికి పది బస్తాలు తక్కువ పండినవాడికి ఆ పదీ పండినట్టే రాసుకుందామని ఏ మిల్లరూ అనగా వినలేదు.

థాయిలాండ్ నేల గురించి బావగారు చెప్పింది మాత్రం ఆసక్తిగా ఉంది. బ్యాంకాక్ చుట్టుపక్కల అంతా మన డెల్టా లాంటి పల్లమే, ఒకప్పుడు వరి పండిన నేలే. తవ్వితే నీళ్లు. అందుకని చెరువులు తవ్వి, ఆ మట్టితోనే మెరక చేసి, దాని మీద గడ్డి పెంచారు. ఎటు చూసినా చెరువులు, గట్లు, ఉక్కపోత, దోమలు, గట్టు మీద ఉడుములు.

"అచ్చం కైకలూరు వెళ్లినట్టే ఉందోయ్."

"మరి కైకలూరే వెళ్లకపోయారా?"

"కైకలూరులో పాస్‌పోర్టు మీద ముద్ర వేస్తారేమిటి?"

నిజమే. 2023 నవంబరులో థాయిలాండ్‌వాళ్లు మనకు వీసా అడగడం మానేశారు గానీ ముద్ర వేయడం మానలేదు.

ఇక గడ్డి. దాని పేరు బెర్ముడా అని బావగారు చాలా భక్తిగా చెప్పారు. వృక్షశాస్త్రంలో దాన్ని సైనోడాన్ డాక్టిలాన్ అంటారు. మన పొలం గట్టు మీద గరిక అంటారు. మైదానాల్లో వేసేవి చాలావరకు ఈ గరికనూ, ఆఫ్రికాలో ఉన్న దాని చుట్టాన్నీ కలిపి తీసిన సంకర రకాలు. వినాయక చవితి ఒక్కరోజు మినహాయిస్తే మిగతా ఏడాదంతా దాన్ని చంపడానికి బావగారు మందు అమ్ముతారు. అలాంటి మనిషి అక్కడ ఆ గరిక మీద మేకుల్లేని బూట్లు అద్దెకు తీసుకుని, అడుగు తీసి అడుగు వేస్తూ నడిచారు. గుంత చుట్టూ ఉండే గడ్డిని రోజూ మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరిస్తారు. బంతి పడి సొట్టపడితే ఆడినవాడే చిన్న ఫోర్కుతో ఆ సొట్ట సరిచేయాలి. సుడిదోమ పట్టిన చేలో కూడా బావగారు అంతసేపు వంగి చూడగా నేను చూడలేదు.

అంత గారాబానికి ఖర్చెంతవుతుంది? ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమంవారి పేరుతో ఒక లెక్క చాలాకాలంగా ప్రచారంలో ఉంది. థాయిలాండ్ లాంటి ఉష్ణదేశంలో సగటు గోల్ఫ్ మైదానానికి ఏడాదికి 1500 కిలోల ఎరువులు, పురుగుమందులు, కలుపుమందులు పడతాయి. 60 వేల మంది పల్లెజనం వాడుకునేన్ని నీళ్లు పడతాయి. ఈ లెక్క చదివి వినిపిస్తే బావగారికి నీళ్ల మాట చెవిన పడలేదు.

"పదిహేను వందల కిలోలే! ఏ కొట్లో కొంటారో?" అన్నారు.

నీళ్ల మాట నేనే ఎత్తాల్సి వచ్చింది. మన దగ్గర కృష్ణ మీద 1855 నాటి ఆనకట్టయినా, దాని బదులు 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ అయినా పంచాల్సింది దాదాపు 13 లక్షల ఎకరాలకు. ఎగువన కృష్ణ ఆలస్యమైతే కాలువలకు వంతులు పెడతారు. వంతు మనదే, నీళ్లే రావు. బంటుమిల్లి, కృత్తివెన్ను శివారు రైతు రాత్రంతా బ్యాటరీ లైటు వేసుకుని తూము దగ్గర కాపలా ఉండి, తెల్లారేసరికి పైవాడు అడ్డుకట్ట వేశాడని తెలుసుకుంటాడు. బ్యాంకాక్‌లో మాత్రం వేకువనే గడ్డి మీద పిచికారీలు తిరుగుతుంటాయి. 1990ల మొదట్లో థాయిలాండ్‌లో కరవొచ్చినప్పుడు ఈ గడ్డి తాగే నీళ్ల మీద అక్కడా గొడవైంది. 1993 ఏప్రిల్ 29న మలేసియాలోని పెనాంగ్‌లో కొందరు చేరి ప్రపంచ గోల్ఫ్ వ్యతిరేక ఉద్యమం మొదలుపెట్టి, ఆ తేదీని గోల్ఫ్ ఆడని రోజుగా ప్రకటించారు. మన శివారు రైతు ఆ పిలుపును తుచ తప్పకుండా పాటిస్తున్నాడు. మిగతా రోజుల్లో కూడా పాటిస్తున్నాడు.

బావగారు ఎక్కువసేపు చెప్పింది కేడీల గురించి. ఆటగాడికొక కేడీ, దాదాపు అందరూ ఆడవాళ్లే. మణికట్టు దాకా చొక్కా, మొహానికి గుడ్డ, మెడ దాకా నీడపడే టోపీ. బండి నడుపుతారు, కర్ర అందిస్తారు, గొడుగు పడతారు, చెరువులో పడ్డ బంతి గురించి మనకంటే ఎక్కువ బాధపడతారు. చివర్లో మూడు నాలుగు వందల బాత్ టిప్పు ఇవ్వడం మర్యాద. మన లెక్కలో వెయ్యి రూపాయల దాకా. బావగారు అయిదొందల బాత్ ఇచ్చారట. ఉరుము వినిపించగానే క్లబ్బువాళ్లు సైరను మోగించి అందర్నీ లోపలికి పిలిచేశారట కూడా.

"ఎంత ఓపికనుకున్నావు! ఆ ఎండలో మనకోసం గొడుగు పట్టుకుని..."

ఆయన ఈ మాట అంటుండగానే కొట్టు ముందు నుంచి ఆటో వెళ్లింది. చీరల మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్ చొక్కాలు తొడుక్కుని, తలకు తువ్వాళ్లు చుట్టుకుని, ఆటోలో పట్టినంతమంది, పట్టనివాళ్లు వెనక వేలాడుతూ నాట్లకు వెళ్తున్నారు. కప్పుకోవడంలో వీళ్లకూ ఆ కేడీలకూ పెద్ద తేడా లేదు. పిడుగులు పడొచ్చని వీళ్లకూ ఫోనుకు మెసేజీ వస్తుంది, ఫోను గట్టు మీద సద్దిగిన్నె సంచిలో ఉంటుంది. మొన్న నాట్లప్పుడు కూలి యాభై పెంచమని అడిగినందుకు "వీళ్ల ఆశకు అంతు లేదోయ్" అని బావగారు రెండు పూటలు బాధపడ్డారు. ఆయనకూ బుద్ధవరం దగ్గర నాలుగెకరాలుంది.

ఇంతకీ టార్గెట్ ఎలా దాటిందో చెప్పలేదు కదూ. యూరియా బస్తా 45 కిలోలు, ధర 266 రూపాయల 50 పైసలు. అందులో డీలరుకు మిగిలేది అంతంతమాత్రం. అందుకని కంపెనీవాళ్లు యూరియాతో పాటు ఏవో సీసాలు, గుళికల ప్యాకెట్లు కూడా దించితేనే లోడు పంపుతామంటారు. డీలరు ఆ సీసాను రైతు చేతిలో పెట్టి, ఇది కూడా కొట్టకపోతే పైరు లేవదంటాడు. దీన్నే లింకు అంటారు. లింకు పెడితే లైసెన్సు రద్దని ప్రభుత్వం ఏటా హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక కాగితం కూడా బావగారి కొట్లో ఉంది, ఆ సీసాల వెనక. 2025 ఖరీఫ్‌లో యూరియా కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లో రైతులు తెల్లారకుండానే లైన్లు కట్టారు. లైను అంత పొడుగ్గా ఉన్నప్పుడు సీసా వద్దనే ధైర్యం ఎవరికుంటుంది? కొన్నది అరువుకి, అరువుకి వడ్డీ, వడ్డీ కళ్లంలో వసూలు. ఆ సీసాలన్నీ కలిస్తే బ్యాంకాక్ టికెట్టు.

కౌలు రైతు సంగతైతే మరీ అన్యాయం. పరిహారం దగ్గర చూడండి. జపాన్‌లో ఒక్క దెబ్బకు బంతి గుంతలో పడితే ఆ ఆటగాడు స్నేహితులకు విందులివ్వాలి, కానుకలు పంచాలి. ఆ ఖర్చు తట్టుకోలేక అక్కడ దానికీ బీమా చేయించుకుంటారు. అంటే అదృష్టం వరిస్తే నష్టపరిహారం. ఇక్కడ 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి చేలు మునిగితే, ప్రభుత్వ పంట నమోదు ఈ-క్రాప్‌లో పేరుందా అన్నది మొదటి ప్రశ్న. కౌలుకు చేసేవాడి పేరు చాలాచోట్ల ఉండదు. పొలం మునిగింది ఒకడిది, పేరున్నది ఇంకొకడిది.

బావగారి బుర్రలో ఇప్పుడొక ప్రతిపాదన తిరుగుతోంది. బ్యాంకాక్ పాత విమానాశ్రయం డాన్ మువాంగ్‌లో రెండు రన్‌వేల మధ్య థాయి వైమానిక దళంవారు దశాబ్దాల పాటు పద్ధెనిమిది గుంతల గోల్ఫ్ మైదానం నడిపారు. విమానం దిగేటప్పుడు ఎర్రలైటు వెలిగితే ఆటగాళ్లు ఆగాల్సి వచ్చేది. గన్నవరంలో కూడా అలాంటిది పెట్టిస్తే బాగుంటుందని ఆయన ఉద్దేశం. మనకున్నది ఒకటే రన్‌వే, మధ్య అనే జాగా ఎక్కడిదని అడిగాను. కేసరపల్లి, అజ్జంపూడి, బుద్ధవరం రైతులు విస్తరణకు భూములివ్వలేదా, ఏలూరు కాలువనే పక్కకు జరపడానికి పూనుకోలేదా, కాలువను జరిపేవాళ్లకు గుంతలు తవ్వడం ఒక లెక్కా అన్నారు. లెక్కే. మన కాంట్రాక్టర్లు అలవాటు పడిన సైజుకి నాలుగుంపావు అంగుళాలు మరీ చిన్నది.

వచ్చే ఏడాది టార్గెట్ పెద్దది, టూరు మారిషస్. అక్కడి గోల్ఫ్ మైదానాలు కొన్ని పాత చెరకు తోటల భూముల్లో వేసినవి. ఒకప్పుడు అయిదేళ్ల ఒప్పందం మీద వేలిముద్ర వేయించుకుని, కోరంగి రేవులో ఓడెక్కించి, ఆ దీవి చెరకు తోటల్లోకి మన తెలుగువాళ్లను దింపారు. అందుకే వాళ్లను అక్కడ కోరంగివాళ్లనేవారు. వాళ్ల మునిమనవలు నేటికీ ఉగాది చేసుకుంటారు, ఆ రోజు అక్కడ దేశమంతటికీ సెలవు. పంచదారకు గిట్టుబాటు పోయాక తోటల యజమానులు కొంత నేలను గడ్డిగా, విల్లాలుగా మార్చారు. కూలికి వెళ్లిన జాతివాళ్లే కంపెనీ ఖర్చుతో అదే నేల మీద బంతి కొట్టడానికి వెళ్తున్నారంటే బావగారు పొంగిపోయి, "అభివృద్ధి అంటే అదేనోయ్" అన్నారు. అక్కడ బ్యాగు మోసేది ఆ కోరంగివాళ్ల మనవడే కావచ్చునంటే, "అయితే తెలుగులో బేరమాడొచ్చు" అన్నారు.

మారిషస్ టూరు బావగారికి దక్కాలని నా కోరిక కూడా. అక్కయ్యను తీసుకెళ్తానంటున్నారు. కాకపోతే ఈ ఖరీఫ్‌లో మందు కొనే రైతులకు ఒక్క మాట. సీసా వద్దనడం మీ చేతిలో లేకపోవచ్చు. బిల్లు అడగడం మీ చేతిలో ఉంది. తెల్లకాగితం మీద రాసిచ్చే చీటీ కాదు, లైసెన్సు నంబరూ బ్యాచ్ నంబరూ తేదీ ఉన్న అసలు బిల్లు. ఖాళీ సీసా కూడా పారేయకండి. రేపు మందు నకిలీదని తేలి పంట పోతే వినియోగదారుల కమిషన్‌లో పనికొచ్చేవి ఆ రెండే. బావగారి కొట్లో అయినా సరే, మొహమాటపడకుండా అడగండి. నా పేరు మాత్రం చెప్పకండి.