‘సర్వసమేత విడిది’కి టీకా తాత్పర్యం

అవతారిక. ఉక్కునగరంలో ముప్పై మూడేళ్లు పిల్లలకు పద్యాల ప్రతిపదార్థాలు వల్లెవేయించి రిటైరైన తెలుగు మాస్టారొకడు, అనగా ఈ వ్యాఖ్యాత, పెళ్లయి నలభై ఏళ్లు నిండిన సందర్భాన, అల్లుడి ధర్మమా అని భీమిలి రోడ్డులో ఒక రిసార్టుకు సతీసమేతుడై వెళ్లాడు. వైశాఖ మాసం, విశాఖపట్నం, మే నెల ఎండ. "అన్నీ అందులోనే మామయ్యగారూ, మీరు జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు" అంటూ అల్లుడు హైదరాబాదు నుంచి ఫోనుకు ఒక ప్రకటన పంపాడు. అదే ఇక్కడ మూలగ్రంథం. రిసార్టు పేరు చెప్పను. కావ్యం దొరికింది, కవితో మనకేం పని?

మూలం:

"సాగరతీరాన సర్వసమేత విడిది! మూడు పగళ్లు, రెండు రాత్రులు, ముప్పూటలా విందు. ఇద్దరికి రాత్రికి రూ. 7,499 మాత్రమే*"

ఇది వచనం కనుక యతిప్రాసల బాధ లేదు. గణాలు లేకపోయినా గణితం మాత్రం దండిగా ఉంది. మూలంలో లేనిది ఒక్క ముక్క కూడా రాయనని కోలాచల మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. మెతుకుసీమ మహానుభావుడు, ఆయన చేతికి కాళిదాసు వచ్చాడు. నా చేతికి వచ్చిన గ్రంథంలో రాసినదానికన్నా రాయనిదే ఎక్కువ కాబట్టి ఆ నియమం నాకు చెల్లదు.

ప్రతిపదార్థం.

సాగరతీరాన: ‘గంగలో గొల్లపల్లె’ అనేది లక్షణావృత్తికి ఆలంకారికులు తరతరాలుగా ఇస్తున్న ఉదాహరణ. ఏటి మధ్యలో పల్లె ఉండదు కనుక గంగ అంటే గంగ ఒడ్డు అని సరిపెట్టుకోవాలి. ఇక్కడ లక్షణ ఇంకో మూడు మెట్లు ఎక్కింది. తీరం అనగా తీరానికి ఇవతలి బీచ్‌రోడ్డు, ఆ రోడ్డుకు ఇవతలి సరుగుడు తోట, ఆ తోటకు ఇవతలి ప్రహరీ. మాకిచ్చినది ‘సీ వ్యూ’ గది. బాల్కనీలో ఎడమ కొసన నిలబడి మెడ కుడికి తిప్పితే జానెడు నీలం కనిపించింది. మా ఆవిడ దాన్ని ప్లాస్టిక్ వాటర్ ట్యాంకు అంది. చీకటి పడి, దూరాన లంగరేసిన ఓడ మీద దీపం వెలిగాకే సముద్రమని ఒప్పుకుంది.

రోడ్డు దాటి ఇసుకలోకి వెళ్తే మత్స్యకారులు అలివి వల లాగుతున్నారు. చేతికి కట్టిన రిసార్టు పట్టీ చూసి ఒకాయన అడిగాడు: "ఏటి బాబూ, ఈ సముద్రం కూడా ఆళ్ల పేకేజీలోదేనా?" శాస్త్రీయమైన ప్రశ్న. పోటు గీతకు ఇంత దూరం దాకా ఏం కట్టకూడదో 1991 నుంచి తీరప్రాంత నియంత్రణ నిబంధనలు చెబుతూనే ఉన్నాయి. అలలు తడిపే ఇసుక ఏ హోటలు సొత్తూ కాదు. తనది కానిదాన్ని ఎవరూ దానం చెయ్యలేరు. కాబట్టి సర్వంలో సముద్రం చేరదు. పైగా మన తీరంలో కెరటం వెనక్కి తిరిగేటప్పుడు మనిషిని లోపలికి లాక్కుపోతుంది. మోకాలి లోతు దాటవద్దని కాపలావాడు ఈల వేస్తూనే ఉన్నాడు. స్నానానికి లోపలి ఈతకొలనే గతి. అక్కడ నైలాన్ బట్టలు తప్పనిసరి. నా నూలు లుంగీ అనర్హమైంది. అద్దె బట్టలకు 200.

సర్వసమేత: సర్వముతో సమేతమైనది, తృతీయా తత్పురుషం. ఈ ‘సర్వ’ శబ్దం దగ్గరే వ్యాఖ్యాతలు తగవులాడుకోవాలి. హోటళ్ల నిఘంటువులో నాలుగు పాఠాంతరాలు ఉన్నాయి. ‘ఈపీ’ అంటే ఒట్టి గది. ‘సీపీ’ అంటే గదీ, పొద్దున్న టిఫినూ. ‘ఎంఏపీ’ అంటే వాటితోపాటు ఒక పూట భోజనం. ‘ఏపీ’ అంటే మూడు పూటలూ. మా కాగితం మీద ‘ఏపీ’ అని ఉంది. రాష్ట్రం పేరనుకుని నేను పట్టించుకోలేదు. అది అమెరికన్ ప్లాను అట. శ్లేష బాగానే కుదిరింది.

విదేశీ సంప్రదాయంలో సర్వంలో సుర కూడా ఉంటుంది. దేశవాళీ శాఖలో సర్వమనగా సుర మినహా సర్వం. నాకు నష్టం లేదు. కానీ నిమ్మకాయ సోడాను కూడా సురల పంక్తిలో కూర్చోబెట్టి గ్లాసుకు 120 పుచ్చుకోవడం ఏ శాస్త్రమో తెలియలేదు.

ఇక్కడొక పూర్వపక్షం. ‘ఇలాంటి విడుదులు పాశ్చాత్యుల సృష్టి కదా, మన వ్యాఖ్యాన పద్ధతి వీటికి అతుకుతుందా?’ అని. 1950లో జెరార్ బ్లిట్జ్ అనే బెల్జియం వాటర్‌పోలో ఆటగాడు స్పెయిన్ వారి మజోర్కా దీవిలో, అల్కూడియా దగ్గర గుడారాలు వేయించి క్లబ్ మెడిటరేనీ మొదలుపెట్టాడు. గుడారం, తిండి, ఆటలు, అన్నీ ఒకే రుసుములో. అయినా ఆ క్లబ్బు విడుదుల్లో తరవాతి కాలంలో బారుకు వెళ్లినవాళ్లు డబ్బుకు బదులు దండలోని పూసలు తెంపి ఇచ్చేవారు. ఆదికావ్యంలోనే సర్వానికి వెలుపల ఒక శేషం మిగిలిందన్నమాట. నిమ్మసోడాకు కులగురువు దొరికాడు.

సిద్ధాంతం వేరే. ఆ రిసార్టుకు కూతవేటు దూరంలోనే తొట్లకొండ ఉంది. సముద్రానికి 128 మీటర్ల ఎత్తున బౌద్ధారామం. 1976లో నౌకాదళం వారు చోటు వెతుక్కుంటుంటే బయటపడింది. రెండు వేల ఏళ్ల నాడే అక్కడ వరసగా గదులు, వంటశాల, అందరూ కలిసి తినే భోజనశాల, వాననీరు పట్టడానికి రాతిలో తొలిచిన తొట్లు. ఆ తొట్ల వల్లే కొండకు ఆ పేరు. అక్కడ నిలబడితే సముద్రం కనిపిస్తుంది, మెడ తిప్పక్కర్లేదు. ఆ నాడు రుసుము లేదు. ఉన్నదల్లా ఒకే షరతు: సర్వాన్నీ వదిలేసి రావాలి. అదీ సర్వసమేతమే, లెక్క మాత్రం అటునుంచి ఇటు.

మూడు పగళ్లు, రెండు రాత్రులు: మొదటిరోజు మధ్యాహ్నం రెండింటికి తాళం ఇస్తారు. మూడోరోజు పదకొండింటికి పుచ్చుకుంటారు. పది గంటలు, ఇరవై నాలుగు గంటలు, పదకొండు గంటలు, వెరసి నలభై ఐదు. మూడు పగళ్లని రాసినచోట సూర్యోదయాలు రెండే దక్కాయి. అతిశయోక్తి అలంకారం.

ముప్పూటలా విందు: మూడు రోజులు, మూడు పూటలు, తొమ్మిది భోజనాలని గుణించుకుని వెళ్లాం. మొదటిరోజు టిఫిను మేము రాకముందే అయిపోయింది. ఆధార్ కార్డులు జిరాక్సు తీసి గది ఇచ్చేసరికి మధ్యాహ్నపు బఫే మూసేశారు. మూడోరోజు మధ్యాహ్నానికి మేము ఆటోలో, రాత్రికి ఇంట్లో ఉన్నాం. మిగిలినవి ఐదు.

ఆ ఐదింటి గురించి అబద్ధం ఆడను. పొద్దుటి టిఫిను దివ్యంగా ఉంది. పెనం ముందు నిలబడ్డ శ్రీకాకుళం కుర్రాడు పెసరట్టు అడిగినంత కరకరగా వేశాడు, మిరపకాయ ముక్కలు వద్దంటే ఏరి తీసేశాడు. రాత్రి భోజనమే రసాభాస. సముద్రం పక్కన కదా అని చేప మూత ఎత్తితే ‘అపోలో ఫిష్’ అని చీటీ ఉంది. హైదరాబాదులో పేరుపడ్డ వంటకం, భీమిలి రోడ్డు మీద! ఏం చేపని అడిగితే బాసా అన్నాడు. బాసా మంచినీటి చేప. కుర్రాడి తప్పు లేదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అరవై ఒక్క రోజులు మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. పిల్లల బడులకు సెలవులూ అప్పుడే, రిసార్టులు కిటకిటలాడేదీ అప్పుడే. సముద్రం పక్కన కూర్చోవాలని జనం ఎగబడే రెండు నెలల్లోనే పళ్లెంలోకి సముద్రం రాదు. పొద్దున్న చూసిన అలివి వల వాళ్లకు దొరికిన గుప్పెడు కవళ్లు రోడ్డు దాటి ప్రహరీ లోపలికి వచ్చేవి కావు. వాటికి పట్టీ లేదు.

మాత్రమే: అవధారణార్థకం. 7,500 అని రాయకుండా ఒక రూపాయి ఎందుకు తగ్గించాడు? ఆ ఒక్క రూపాయి చెప్పుల కొట్టువాడి చమత్కారమే కావచ్చు, ధర అక్కడే ఆగడం మాత్రం కాదు. గది అద్దె రోజుకు 7,500 వరకు జీఎస్టీ 5 శాతం, ఆ గీత దాటితే 18. సెప్టెంబరు 2025కు ముందు గీతకు ఇవతల 12 ఉండేది. మధ్యతరహా రిసార్టు అంటే ఏమిటో ఏ లాక్షణికుడూ చెప్పలేదు గానీ పన్నులవారు రూపాయి తేడా లేకుండా నిర్వచించారు. గీతకు ఇవతల నిలబడి అవతలివాడి పరుపులూ ప్రకటనలూ అనుకరించేది మధ్యతరహా. పన్నుతో కలిపి అల్లుడు కట్టినది 15,747 రూపాయల 90 పైసలు. జేబులో చెయ్యి పెట్టక్కర్లేని నేను పెట్టినది 1,310.

నక్షత్రం (*): జ్యోతిషంలో నక్షత్రాలు ఇరవై ఏడు. విశాఖ పదహారోది. అభిజిత్తును కలుపుకుంటే ఇరవై ఎనిమిది. ఇది ఇరవై తొమ్మిదోది. పేరు ‘షరతులు వర్తిస్తాయి’. కంటికి ఆనదు, ప్రభావం మాత్రం జాతకమంతా ఉంటుంది.

తాత్పర్యం: సముద్రానికి దగ్గరగా, సముద్రం లేకుండా, నలభై ఐదు గంటలపాటు, ఐదు పూటలు పెడతాం.

ఇంతవరకు వాచ్యం, లక్ష్యం. వ్యంగ్యార్థం చెప్పకపోతే వ్యాఖ్య సగంలో ఆగినట్టే. రెండోరోజు తెల్లవారుజామున అయిదింటికి మా ఆవిడ లేచి, అలవాటు చొప్పున కుడివైపుకు నాలుగు అడుగులు వేసింది. మా క్వార్టర్సులో అటు వంటిల్లు. ఇక్కడ గోడ. కాసేపు గోడవంక చూసి, వచ్చి మళ్లీ పడుకుంది. ఏడున్నర దాకా లేవలేదు. ఆవిడ ఏడున్నర దాకా పడుకోవడం పురుళ్లప్పుడు తప్ప నేను చూడలేదు. టిఫిను దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడి, "గారెలకు పప్పు ఎవరో నానబోశారు, ఎవరో రుబ్బారు, నాకేం తెలీదు" అంది. అదేదో దొంగతనం చేసినంత సంబరంగా. నలభై ఏళ్లకు పూటకొకటి చొప్పున లెక్కేస్తే నలభై మూడు వేల పైచిలుకు వంటలు. అందులో ఐదు తగ్గాయి. ఆ ప్రకటనలో ఈ సంగతి ఎక్కడా లేదు. రాసినవాడికి తట్టి ఉండదు, తడితే 7,500 దాటించేవాడు.

ఫలశ్రుతి. ఈ వ్యాఖ్య చదివి వెళ్లదలచినవారు ముందుగా ఏపీయో ఎంఏపీయో అడగండి. మొదటిరోజు మధ్యాహ్న భోజనం లెక్కలో ఉందో లేదో రాయించుకోండి. జూన్ 15 దాటాక వెళ్తే చేప దొరుకుతుంది. నైలాన్ బట్టలు ఇంటినుంచే పట్టుకెళ్లండి. తొట్లకొండ ఎక్కి రండి.

మా ఆవిడ మళ్లీ ఎప్పుడు వెళ్దామంటోంది. అంత దూరం ఎందుకు, మన స్టీల్‌ప్లాంటు పక్కనే అప్పికొండ ఉంది, ఒడ్డున సోమేశ్వరుడి గుడి ఉంది, అదే సముద్రం, రూపాయి ఖర్చు లేదన్నాను.

అక్కడ వంటెవరు చేస్తారని అడిగింది.